బ్లాకింగ్ పెప్టైడా, నాకౌట్ సెల్సా, ఇంకేదైనానా: మెంబ్రేన్ ప్రొటీన్ యాంటీబాడీకి ఏ కంట్రోల్ ఎప్పుడు తీస్కోవాలి

యాంటీబాడీ ఆర్డర్ పెడుతుంటే చాలాసార్లు దాని పక్కనే జతగా బ్లాకింగ్ పెప్టైడ్ కూడా కనిపిస్తుంది. ఎలాగూ కొంటున్నాం కదా ఇదీ ఒకటి వేసేద్దాం, రేపు పేపర్ రివ్యూయర్ స్పెసిఫిసిటీ కంట్రోల్ (యాంటీబాడీ మన ప్రొటీన్‌నే పట్టుకుంటోందని చూపే పరీక్ష) ఏదని అడిగితే చూపించొచ్చు అని చాలామంది వేసేస్తారు. కొనడంలో తప్పేం లేదు, కానీ అది ఏ ప్రశ్నకి జవాబు చెప్తుందో తెలీకుండా కొంటే మాత్రం డబ్బుతో పాటు కొన్ని నెలల పని కూడా తప్పు దారిలో పోయే ప్రమాదం ఉంది, ముఖ్యంగా మీ టార్గెట్ మెంబ్రేన్ ప్రొటీన్, అంటే సెల్ పొరలో ఉండే రిసెప్టరో చానెలో ట్రాన్స్‌పోర్టరో అయితే. అందుకే పెప్టైడ్‌ని మిగతా ఆప్షన్లతో పక్కపక్కన పెట్టి ఏది ఎప్పుడు పనికొస్తుందో వివరంగా రాస్తున్నా.

ముందు అసలు అదేంటో చెప్పుకుందాం. యాంటీబాడీ తయారుచేసేటప్పుడు టార్గెట్ ప్రొటీన్‌లోంచి ఒక చిన్న ముక్క, మామూలుగా 10 నుంచి 20 అమైనో ఆమ్లాలు, ఎంచుకుని దాన్ని సింథసైజ్ చేసి కేఎల్‌హెచ్ లాంటి పెద్ద క్యారియర్ ప్రొటీన్‌కి అతికించి జంతువుకి ఎక్కిస్తారు, అలా ఎక్కించేదాన్నే ఇమ్యునోజెన్ అంటారు. అదే ముక్కని క్యారియర్ లేకుండా విడిగా అమ్మితే అది బ్లాకింగ్ పెప్టైడ్. యాంటీబాడీని దీంతో ముందే కలిపి ఉంచితే బైండింగ్ సైట్లన్నీ పెప్టైడ్‌తో నిండిపోతాయి, తర్వాత ఆ మిశ్రమాన్ని బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి ఒక షీట్ మీదకి ఎక్కించినది) మీదో టిష్యూ మీదో వేస్తే సిగ్నల్ పోవాలి. రిసెప్టర్ పని ఆపడానికి వాడే పెప్టైడ్లు వేరే ఉంటాయి, వాటికీ దీనికీ సంబంధం లేదు, ఇది ఆపేది యాంటీబాడీని మాత్రమే.

ఇప్పుడు అసలు విషయం. పెప్టైడ్ వేశాక బ్యాండ్ మాయమైంది అంటే ఆ బ్యాండ్ యాంటీబాడీ బైండింగ్ సైట్ ద్వారానే వచ్చింది అని అర్థం, అంతే. సెకండరీ (ప్రైమరీని, అంటే మన అసలు యాంటీబాడీని, పట్టుకుని సిగ్నల్ ఇచ్చే యాంటీబాడీ) ఊరికే అంటుకోవడమో, యాంటీబాడీ వెనకభాగం ఎఫ్‌సీ రిసెప్టర్లకి పట్టుకోవడమో కాదు అని తేలుతుంది. ఆ బ్యాండ్ మీ ప్రొటీనే అని మాత్రం తేలదు. ఎందుకంటే యాంటీబాడీ వేరే ప్రొటీన్‌ని పొరపాటున పట్టుకున్నా ఎక్కువసార్లు అదే బైండింగ్ సైట్‌తోనే పట్టుకుంటుంది, పెప్టైడ్ ఆ సైట్‌ని మూసేస్తే అసలు బ్యాండూ పోతుంది, దొంగ బ్యాండూ పోతుంది. తాళం చెవికి మైనం పూసేస్తే దాంతో ఏ తాళమూ తెరుచుకోదు, అంతమాత్రాన ఆ చెవి మీ ఇంటిదేనని రుజువైనట్టు కాదు కదా. మోనోక్లోనల్‌కైతే (అన్నీ ఒకే రకం యాంటీబాడీలు), పెప్టైడ్ మీదే అఫినిటీ ప్యూరిఫై చేసిన (పెప్టైడ్‌ని పట్టుకునేవాటినే ఏరి తీసిన) పాలీక్లోనల్‌కైతే (రకరకాల యాంటీబాడీల మిశ్రమం) ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ ట్యూబులో ఉన్న యాంటీబాడీ దాదాపు అంతా ఆ పెప్టైడ్‌ని పట్టుకునేదే, కాబట్టి పెప్టైడ్ వేస్తే సిగ్నల్ పోవడం ముందే ఖాయం.

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. 2009 ప్రాంతంలో జీ ప్రొటీన్ కపుల్డ్ రిసెప్టర్ల యాంటీబాడీల్ని వరసగా నాకౌట్ ఎలుకల (ఆ రిసెప్టర్ జీన్ తీసేసిన ఎలుకల) టిష్యూ మీద పరీక్షించారు. మస్కరినిక్ రిసెప్టర్లు ఎం1 నుంచి ఎం5 దాకా తీస్కుంటే, చాలా యాంటీబాడీలు ఆ రిసెప్టర్ జీన్ అసలే లేని ఎలుకలో కూడా మామూలు ఎలుకలో ఇచ్చినట్టే స్టెయినింగ్ ఇచ్చాయి. 2013లో యాంజియోటెన్సిన్ ఏటీ1 రిసెప్టర్ మీద అదే కథ, మార్కెట్లో దొరికే యాంటీబాడీలు చూపించే 43 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ఏటీ1ఏ నాకౌట్ ఎలుకల్లో కూడా చక్కగా కనిపించింది. సైజు కూడా రిసెప్టర్‌కి లెక్కగట్టిన సైజు పక్కనే ఉంది, ఇక ఎవరు మాత్రం అనుమానిస్తారు. ఇలాంటి బ్యాండ్ మీద పెప్టైడ్ కంట్రోల్ పెడితే అది శుభ్రంగా మాయమై మనకి తప్పుడు ధైర్యం ఇవ్వగలదు, అదీ భయం. 2016లో యాంటీబాడీ వాలిడేషన్ కోసం ఒక అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ ఐదు మూలస్తంభాలని ప్రతిపాదించింది: జీన్‌ని తీసేసి లేదా తగ్గించి చూడటం, యాంటీబాడీతో సంబంధం లేని ఇంకో పద్ధతితో పోల్చడం, వేరే ఎపిటోప్‌ని (ప్రొటీన్‌లో యాంటీబాడీ పట్టుకునే చోటుని) పట్టుకునే ఇంకో యాంటీబాడీతో పోల్చడం, ట్యాగ్ (గుర్తుపట్టడానికి తగిలించే ముక్క) పెట్టి ప్రొటీన్‌ని ఎక్స్‌ప్రెస్ చేయడం, యాంటీబాడీతో లాగి మాస్ స్పెక్‌లో (బరువుని బట్టి ప్రొటీన్‌ని గుర్తించే యంత్రంలో) చూడటం. బ్లాకింగ్ పెప్టైడ్ ఆ ఐదింటిలో లేదు.

మరైతే పెప్టైడ్ దండగా అంటే, కాదు. దానికి సరైన చోట్లు ఉన్నాయి, వాటిలో కొన్నిచోట్ల ఇంకేదీ దాని పని చేయలేదు. అవి చెప్పేముందు మెంబ్రేన్ ప్రొటీన్‌కి ప్రత్యేకంగా ఉండే తలనొప్పులు చూద్దాం, ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది.

మెంబ్రేన్ ప్రొటీన్‌తో వచ్చే మెలిక

మెంబ్రేన్‌లో మునిగి ఉండే భాగాలు నూనె స్వభావం ఉన్నవి, నీళ్లలో కరగవు, యాంటీబాడీకి అందవు కూడా, అందుకే ఇమ్యునోజెన్‌గా వాటిని ఎవరూ తీస్కోరు. మిగిలేది ఎన్ టెర్మినస్, సీ టెర్మినస్ (ప్రొటీన్ గొలుసు మొదలు, చివర), మధ్యలో లూపులు. లూపులు చాలాసార్లు చిన్నవి, పైగా సెల్‌లో అవి రెండు చివర్లా మెంబ్రేన్‌కి కట్టేసి ఒక ఆకారంలో వంగి ఉంటాయి, విడి పెప్టైడ్ ట్యూబులో అలా వంగి ఉండదు. కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నా యాంటీబాడీ పట్టుకునేది వరస ముక్కనా, లేక మడత పడ్డాక ఏర్పడే ఆకారాన్నా?

యాంటీబాడీని పెప్టైడ్‌తోనే తయారుచేసి ఉంటే అది వరస ముక్కనే పట్టుకునే అవకాశం ఎక్కువ, ఆ పెప్టైడ్ బ్లాక్ చేస్తుంది. యాంటీబాడీని మొత్తం సెల్స్‌తోనో మడత చెడని ప్రొటీన్‌తోనో తయారుచేసి ఉంటే మాత్రం 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్ కొనడం దాదాపు వృథా. నీళ్లని సెల్‌లోకి పోనిచ్చే చానెల్ అక్వాపోరిన్ 4 దీనికి మంచి ఉదాహరణ. న్యూరోమైలైటిస్ ఆప్టికా (కంటి నరాన్నీ వెన్నుపామునీ దెబ్బతీసే జబ్బు) రోగుల రక్తంలో ఉండే ఆటో యాంటీబాడీలు (సొంత ఒంటి ప్రొటీన్‌నే పట్టుకునేవి) ఈ చానెల్ బయటి లూపులు కలిసి ఏర్పరిచే ఆకారాన్ని పట్టుకుంటాయి, అందుకే ఆ టెస్టుకి అక్వాపోరిన్ 4 ఎక్స్‌ప్రెస్ చేసే సెల్స్ వాడే పద్ధతిని మంచిదిగా చూస్తారు, ఒక లూప్ వరసని పెప్టైడ్‌గా చేసి వేస్తే ఆ యాంటీబాడీలు సరిగ్గా ఖాళీ కావు. అదే అక్వాపోరిన్ 4 లోపలి సీ టెర్మినల్ తోక మీద తయారైన కుందేలు పాలీక్లోనల్ అయితే దాని ఇమ్యునోజెన్‌తో హాయిగా బ్లాక్ అవుతుంది. ఒకే ప్రొటీన్, రెండు యాంటీబాడీలు, రెండు వేర్వేరు సమాధానాలు.

మధ్యరకం కేసులు కూడా ఉన్నాయి. రిటుక్సిమాబ్ అనే మందు యాంటీబాడీ పట్టుకునే సిడి20 (బీ సెల్స్ మీద ఉండే మెంబ్రేన్ ప్రొటీన్) పెద్ద లూప్‌లో 167, 183 స్థానాల సిస్టీన్ల మధ్య డైసల్ఫైడ్ బంధం ఉంటుంది, యాంటీబాడీ ముఖ్యంగా పట్టుకునేది 170 నుంచి 173 వరకు ఉన్న నాలుగు అమైనో ఆమ్లాల చుట్టూ. 2007లో వచ్చిన రిటుక్సిమాబ్ క్రిస్టల్ స్ట్రక్చర్‌లో వాడింది మొత్తం సిడి20 కాదు, 163 నుంచి 187 దాకా ఉన్న 25 అమైనో ఆమ్లాల పెప్టైడే. అంటే లూప్ మొత్తాన్ని, ఆ డైసల్ఫైడ్ మెలికతో సహా ఇస్తే పెప్టైడ్ కూడా ఆకారాన్ని బాగానే అనుకరించగలదు. కాబట్టి బయటి లూప్ యాంటీబాడీకి పెప్టైడ్ చేయించుకుంటుంటే, ఆ లూప్‌లో సహజంగా రెండు సిస్టీన్లు కలిసి ఉన్నాయా అని చూస్కోండి, ఉంటే సైక్లిక్ వెర్షన్ అడగండి, కొంచెం ఖర్చు ఎక్కువైనా సరే.

ఎపిటోప్ బయట ఉందా లోపల ఉందా అన్నది ఇంకో పెద్ద విషయం. బయట ఉంటే ఫిక్స్ చేయని, పర్మియబిలైజ్ చేయని (పొరకి చిల్లులు పెట్టని) బతికున్న సెల్స్ మీద ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో సెల్ సిగ్నల్ కొలిచే పద్ధతి) చేసి చూడొచ్చు, అక్కడ పెప్టైడ్ కంట్రోల్ కంటే ఆ ప్రొటీన్ లేని సెల్ లైన్ పక్కన పెట్టడం ఎంతో బలంగా ఉంటుంది. లోపలి తోక మీద యాంటీబాడీ అయితే పర్మియబిలైజ్ చేయని సెల్స్ మీద సిగ్నల్ రాకూడదు, వస్తే ఏదో తేడా ఉంది అని, ఇది పైసా ఖర్చు లేని కంట్రోల్, ఎందుకో చాలామంది వాడరు.

ఇక బ్లాట్ సంగతి. మెంబ్రేన్‌ని పలుమార్లు అటూ ఇటూ దాటే ప్రొటీన్ల శాంపిల్‌ని మామూలు అలవాటులో 95 డిగ్రీల దగ్గర మరిగిస్తే అవి ఒకదానికొకటి అంటుకుని జెల్ పైభాగంలోనే ఉండిపోతాయి, మీ అసలు సైజు దగ్గర ఏమీ ఉండదు, అక్కడ వేరే ప్రొటీన్ బ్యాండ్ కనిపిస్తే అదే మనదనుకుంటాం. దానికి పెప్టైడ్ కంట్రోల్ పెడితే అదీ పోయిందనుకోండి, ఇక తప్పు పూర్తిగా సీల్ అయిపోతుంది. పెప్టైడ్ కొనేముందు అదే శాంపిల్‌ని మరిగించకుండా, 37 డిగ్రీల దగ్గరో 50 దగ్గరో అరగంట ఉంచి నడిపి చూడండి. గ్లైకోసిలేషన్ (ప్రొటీన్‌కి షుగర్స్ అతుక్కోవడం) వల్ల బ్యాండ్ పొగలా సాగిపోతుంటే ఆ షుగర్స్‌ని కోసేసే ఎంజైమ్ పీఎన్‌గేజ్ ఎఫ్ వేసి చూడండి, ఎన్ లింక్డ్ షుగర్స్ ఉన్న ప్రొటీన్ అయితే బ్యాండ్ కిందికి దిగి సన్నబడాలి. ఈ రెండు పనులూ పెప్టైడ్ కంటే ఎక్కువ సమాచారం ఇస్తాయని నా గట్టి అభిప్రాయం.

ఒక్కో ఆప్షన్ ఎంతవరకు

నాకౌట్ సెల్స్ దగ్గర మొదలుపెడదాం ఎందుకంటే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అదే. జీన్ లేని సెల్‌లో బ్యాండ్ ఉందంటే ఆ బ్యాండ్ మీది కాదు, వాదనే లేదు. 2023లో ఒక పెద్ద ప్రయత్నంలో 65 ప్రొటీన్లకి 614 కమర్షియల్ యాంటీబాడీలని మామూలు సెల్స్, నాకౌట్ సెల్స్ పక్కపక్కన పెట్టి ఒకే పద్ధతిలో పరీక్షించారు, అలాంటి డేటా మీ ప్రొటీన్‌కి ఇప్పటికే ఉందేమో వెతకండి, ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. సొంతంగా క్రిస్పర్‌తో (జీన్‌ని కోరిన చోట కత్తిరించే పద్ధతి) చేసుకోవాలంటే వారాల నుంచి నెలలు పడుతుంది. హాప్1 లాంటి దాదాపు హాప్లాయిడ్ సెల్స్‌లో ఒకే కాపీ ఉంటుంది కాబట్టి సులువు, హెక్ 293లో చాలా జీన్లకి రెండు కంటే ఎక్కువ కాపీలు ఉంటాయి, అన్నీ పోయాయో లేదో సీక్వెన్స్ చేసి చూడాల్సిందే. ఇంకో జాగ్రత్త, కట్ పెట్టిన చోటుని దాటేసే స్ప్లైస్ రూపమో కింద ఇంకో స్టార్ట్ సైటో ఉంటే పొట్టి ప్రొటీన్ తయారయ్యే అవకాశం ఉంది, సీ టెర్మినల్ యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది, అప్పుడు మంచి యాంటీబాడీని చెడ్డదని పారేసే పరిస్థితి వస్తుంది. సెల్ బతకడానికే ఆ ప్రొటీన్ కావాల్సి ఉంటే, ఉదాహరణకి సోడియం పొటాషియం పంప్ ప్రధాన రూపం లాంటిది, నాకౌట్ కుదరదు.

అలాంటప్పుడు ఎస్ఐఆర్‌ఎన్‌ఏ, అంటే జీన్ నుంచి వచ్చే మెసేజ్‌ని (ఎంఆర్‌ఎన్‌ఏని) తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ. త్వరగా అయిపోతుంది, కానీ మెంబ్రేన్ ప్రొటీన్లలో కొన్ని చాలాకాలం నిలిచేవి, మెసేజ్ పోయినా 48 గంటలకి ప్రొటీన్ ఇంకా సగం పైన ఉండొచ్చు, అందుకని 72 గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ చూడాలి, కనీసం రెండు వేర్వేరు ఎస్ఐఆర్‌ఎన్‌ఏలు వేయాలి. బ్యాండ్ తగ్గడం మెసేజ్ తగ్గడంతో కలిసి వెళ్తోందా లేదా అన్నదే ఇక్కడ చూసేది, పూర్తిగా మాయమవ్వాలని ఎదురుచూడొద్దు.

ట్యాగ్ పెట్టి ఓవర్ ఎక్స్‌ప్రెషన్ చేస్తే యాంటీబాడీ మీ ప్రొటీన్‌ని చూడగలదు అని తెలుస్తుంది, ఇంకేదీ చూడదు అని తెలీదు. ప్రొటీన్ అంత ఎక్కువ ఉన్నప్పుడు చెత్త యాంటీబాడీ కూడా అందంగా కనిపిస్తుంది. పాజిటివ్ కంట్రోల్‌గా బాగుంటుంది, ఒంటరిగా చాలదు.

రెండో యాంటీబాడీ, వేరే ఎపిటోప్ మీదది, నాకు చాలా ఇష్టమైన ఆప్షన్. ఒకటి ఎన్ టెర్మినస్, ఇంకోటి సీ టెర్మినస్ పట్టుకుని, రెండూ ఒకే బ్యాండ్, ఒకే కణాలు, ఒకే తీరు చూపిస్తే నమ్మకం బాగా పెరుగుతుంది. షరతు ఒకటే, రెండిటి ఇమ్యునోజెన్ వరసలూ మీకు తెలిసుండాలి, లేకపోతే ఒకే ముక్క మీద తయారైన రెండు కేటలాగ్ నంబర్లని పోలుస్తూ కూర్చుంటారు.

ప్రైమరీ లేకుండా సెకండరీ ఒక్కటే వేయడం, ఐసోటైప్ కంట్రోల్ (టార్గెట్‌ని పట్టుకోని, అదే రకం యాంటీబాడీ), ఇవి ఎంపికలు కావు, ఏది ఎంచుకున్నా ఎలాగూ ఉండాల్సినవి.

రీకాంబినెంట్ ముక్కలు, అంటే జీఎస్టీ అనే ప్రొటీన్‌తో కలిపిన తోకో, మొత్తం బయటి డొమైనో, పెప్టైడ్‌కి అన్నల్లాంటివి. యాంటీబాడీని అలాంటి ఫ్యూజన్ ప్రొటీన్‌తో తయారుచేసి ఉంటే దానికి 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్ వేసి బ్లాక్ కాలేదని గాభరా పడకండి, ఎపిటోప్‌లు ఆ పొడవునా పలుచోట్ల ఉంటాయి, ఆ ఫ్యూజన్ ప్రొటీనే కావాలి, పక్కన జీఎస్టీ ఒక్కటే వేసిన కంట్రోల్ కూడా కావాలి.

పెప్టైడే సరైన ఎంపిక ఎప్పుడంటే

ఫాస్ఫో యాంటీబాడీ దగ్గర పెప్టైడ్ నిజంగా మెరుస్తుంది. రిసెప్టర్ తోక మీద ఒక సెరిన్‌కి ఫాస్ఫేట్ ఉన్నప్పుడే పట్టుకునే యాంటీబాడీ అని చెప్తున్నారనుకోండి, ఫాస్ఫేట్ ఉన్న పెప్టైడ్, లేని అదే పెప్టైడ్, రెండూ విడివిడిగా వేసి చూడాలి. మొదటిది సిగ్నల్ చంపి రెండోది చంపకపోతే యాంటీబాడీ నిజంగా ఫాస్ఫేట్‌నే చూస్తోంది. నాకౌట్ సెల్ ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు, అక్కడ ఫాస్ఫేట్ ఉన్నదీ లేనిదీ రెండూ ఉండవు. లాంబ్డా ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ని తీసేసే ఎంజైమ్) వేసిన శాంపిల్ పక్కన పెడితే ఇంకా మంచిది, ఆ ఫాస్ఫేట్ మీ ప్రొటీన్ మీదే ఉందా అన్నదానికి మాత్రం మళ్లీ నాకౌట్ సాయం కావాలి.

రెండోది, ప్యూరిఫై చేయని సీరం. అందులో జంతువు ఒంట్లో ముందునుంచీ ఉన్న యాంటీబాడీలు, క్యారియర్ మీద పుట్టినవి, అన్నీ కలిసి ఉంటాయి. పెప్టైడ్ వేశాక పోయిన బ్యాండ్లు పెప్టైడ్ మీద పుట్టిన యాంటీబాడీలవి, పోనివి ఖచ్చితంగా చెత్త. పోనివాటిని కొట్టేయడానికి ఇది అద్భుతమైన పద్ధతి, గుర్తుపెట్టుకోవాల్సింది ఈ తేడానే: పెప్టైడ్ వేసినా మిగిలిన సిగ్నల్ తప్పని చెప్పడంలో ఈ పరీక్ష గట్టిది, పోయిన సిగ్నల్ ఒప్పని చెప్పడంలో బలహీనమైనది.

మూడోది మనుషుల టిష్యూ, పారఫిన్ బ్లాకులు. నాకౌట్ మనిషి ఉండరు కాబట్టి ఇక్కడ పెప్టైడ్ ఒక పక్కబలం. కానీ అదే యాంటీబాడీని నాకౌట్ సెల్స్‌ని గుళికగా చేసి అదే పద్ధతిలో ఫిక్స్ చేసి పారఫిన్‌లో పెట్టి కోసి పరీక్షించే దారి ఉంది, కుదిరితే అది చేయండి, పెప్టైడ్ తర్వాత.

నాలుగోది కాంపిటీషన్ ఎలైసా (ప్లేట్‌లో యాంటీబాడీ బైండింగ్‌ని కొలిచే పరీక్ష), ఎపిటోప్ ఎక్కడుందో వెతకడం, కాలమ్ మీంచి ప్రొటీన్‌ని మెల్లగా విడిపించడం. బోవైన్ రోడాప్సిన్ (ఆవు కంట్లో ఉండే రిసెప్టర్) చివరి 9 అమైనో ఆమ్లాలని పట్టుకునే 1డీ4 అనే మోనోక్లోనల్ 1980ల నుంచీ ఉంది, ఆ 9 అమైనో ఆమ్లాలని వేరే మెంబ్రేన్ ప్రొటీన్ చివర ట్యాగ్‌గా తగిలించి, డిటర్జెంట్‌లో కరిగించి, 1డీ4 కాలమ్‌కి పట్టించి, అదే పెప్టైడ్‌ని ఎక్కువగా పోసి విడిపిస్తారు. ఆసిడ్ అక్కర్లేదు, మడత చెడదు. పెప్టైడ్ కాంపిటీషన్ ఎంత అందమైన ఆలోచనో చూడాలంటే ఇక్కడ చూడాలి.

ఈ నాలుగింటిలో మీరు లేకుండా, ప్యూరిఫైడ్ పాలీక్లోనలో మోనోక్లోనలో చేతిలో ఉండి, బడ్జెట్ ఒక్కదానికే ఉంటే నా సలహా స్పష్టం: పెప్టైడ్ వదిలేసి నాకౌట్ లైసేట్ (నాకౌట్ సెల్స్‌ని పగలగొట్టి తీసిన ద్రవం) కొనండి, రెడీమేడ్‌గా దొరక్కపోతే ఎస్ఐఆర్‌ఎన్‌ఏ, అదీ కుదరకపోతే వేరే ఎపిటోప్ మీద రెండో యాంటీబాడీ.

పెప్టైడ్ కొనాలని తేలితే

వరస అడగండి. ఇమ్యునోజెన్ వరస చెప్పకుండా పెప్టైడ్ అమ్మితే దాన్ని ప్రొటీన్ డేటాబేస్‌లో బ్లాస్ట్ చేసి ఇంకే ప్రొటీన్లలో అలాంటి ముక్క ఉందో మీరు చూడలేరు. ఐదారు అమైనో ఆమ్లాలు వరసగా కలిసినా క్రాస్ రియాక్షన్‌కి కొన్నిసార్లు చాలు, రిసెప్టర్ ఫ్యామిలీల్లో లూపులూ తోకలూ ఒకదానికొకటి పోలి ఉండటం మామూలే. మనిషి వరస మీద తయారైన పెప్టైడ్‌కి ఎలుక ప్రొటీన్‌లో రెండు మూడు మార్పులు ఉన్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

సొంతంగా సింథసిస్ చేయించుకుంటే చివర్ల సంగతి పట్టించుకోండి. ప్రొటీన్ మధ్యలోంచి తీసిన ముక్క అయితే ఎన్ చివర అసిటైల్, సీ చివర అమైడ్ పెట్టిస్తే సహజంగా లేని చార్జీలు పోతాయి. ప్రొటీన్ అసలు సీ టెర్మినస్ ముక్క అయితే మాత్రం ఆ చివర అమైడ్ పెట్టొద్దు, ఆ స్వేచ్ఛగా ఉన్న కార్బాక్సిల్ ఎపిటోప్‌లో భాగం అయ్యుండొచ్చు. ప్యూరిటీ గురించి, గుణాత్మకంగా బ్లాట్‌లో బ్లాక్ చేయడానికి 70 శాతం పైన ఉంటే సర్దుకోవచ్చు, ఎలైసాలో అంకెలు తీయాలన్నా ఫాస్ఫో జతలు పోల్చాలన్నా 95 శాతం పైన తీస్కోండి, ఎందుకంటే ఫాస్ఫో లేని పెప్టైడ్‌లో కొంచెం ఫాస్ఫో కలిసున్నా మొత్తం ఫలితం తారుమారు అవుతుంది. ప్యూరిటీ ఒకటి, నెట్ పెప్టైడ్ కంటెంట్ ఇంకోటి, వయల్‌లో ఉన్న పొడిలో నీళ్లూ ట్రైఫ్లోరో అసిటేట్ ఉప్పూ కూడా ఉంటాయి కాబట్టి 1 మిల్లీగ్రాము తూచితే అసలు పెప్టైడ్ 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాములే ఉండటం మామూలు.

వయల్ ఫ్రీజర్ లోంచి తీయగానే మూత తీయొద్దు, రూమ్ టెంపరేచర్‌కి రానివ్వండి లేకపోతే తేమ పట్టేస్తుంది. ఒకసారి స్పిన్ చేయండి, 100 మైక్రోగ్రాముల పొడి కంటికి కనిపించకపోవచ్చు, ఖాళీ వయల్ పంపారని కంగారు పడొద్దు. బేసిక్ పెప్టైడ్ నీళ్లలో కరగకపోతే పలచని అసిటిక్ ఆసిడ్, ఆసిడిక్ పెప్టైడ్‌కి అమ్మోనియం బైకార్బొనేట్, నూనె స్వభావం ఉన్నదానికి కొంచెం డీఎంఎస్ఓ, కానీ సిస్టీన్ ఉంటే డీఎంఎస్ఓకి దూరంగా ఉండండి, ఆక్సిడైజ్ అవుతుంది. చిన్న భాగాలుగా పంచి మైనస్ 20లో పెట్టండి, పదేపదే కరిగించి గడ్డకట్టించొద్దు.

ఎంత వేయాలి అన్నదాంట్లో బరువు లెక్కలో యాంటీబాడీకి ఐదు నుంచి పది రెట్లు అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది, అది అసలు ఎంతో చూద్దాం. 5 మైక్రోగ్రాముల ఐజీజీ (మామూలుగా వాడే యాంటీబాడీ రకం) అంటే 150 కిలోడాల్టన్ల చొప్పున దాదాపు 33 పికోమోల్స్, ఒక్కోదానికి రెండు సైట్లు కాబట్టి 67 పికోమోల్స్ సైట్లు. 25 మైక్రోగ్రాముల 15 అమైనో ఆమ్లాల పెప్టైడ్, అది 1.65 కిలోడాల్టన్లు అనుకుంటే, దాదాపు 15 నానోమోల్స్. అంటే ఒక్కో సైటుకి 225 పెప్టైడ్ అణువులు, బోలెడన్ని. అదే 25 మైక్రోగ్రాములు 34 కిలోడాల్టన్ల జీఎస్టీ ఫ్యూజన్ అయితే సైటుకి 11 మాత్రమే, కాబట్టి పెప్టైడ్ నుంచి ప్రొటీన్‌కి మారేటప్పుడు బరువు లెక్క వదిలేసి మోల్స్‌లో లెక్కేయండి.

ఈ 5 మైక్రోగ్రాముల్ని 25తో అర మిల్లీలీటర్‌లో కలిపి రూమ్ టెంపరేచర్‌లో అరగంట నుంచి గంట, లేదా 4 డిగ్రీల దగ్గర రాత్రంతా తిప్పి, తర్వాత 10 మిల్లీలీటర్లకి పలచన చేస్తే పెప్టైడ్ దాదాపు 1.5 మైక్రోమోలార్‌కి దిగుతుంది. యాంటీబాడీ పెప్టైడ్‌ని గట్టిగా పట్టుకుంటే అది చాలు, బలహీనంగా పట్టుకునేదైతే పలచన చేశాక విడిపోతుంది, అప్పుడు ఫలితం సగం సగంగా వస్తుంది, పెప్టైడ్ పెంచి మళ్లీ చూడాలి. పక్కన తప్పనిసరిగా రెండు ట్యూబులు ఉండాలి, ఒకటి అదే యాంటీబాడీ అంతే సమయం పెప్టైడ్ లేకుండా, అదే బఫర్‌తో తిప్పింది, ఇంకోటి అవే అమైనో ఆమ్లాలని కలగాపులగం చేసిన స్క్రాంబుల్డ్ పెప్టైడ్‌తో తిప్పింది. స్క్రాంబుల్డ్ కూడా సిగ్నల్ చంపితే అక్కడ జరుగుతున్నది ఎపిటోప్ కాంపిటీషన్ కాదు. ఇంకా, యాంటీబాడీ సాంద్రత సిగ్నల్ ఇంకా పెరగగలిగే స్థాయిలో ఉండాలి, సిగ్నల్ అప్పటికే సాచురేట్ అయిపోయి ఉంటే సగం యాంటీబాడీ బ్లాక్ అయినా బ్లాట్‌లో ఏమీ మారినట్టు కనిపించదు.

పేపర్‌లో పెట్టేటప్పుడు రెండు బ్లాట్‌లనీ ఒకే జెల్ నుంచి, ఒకే ఎక్స్‌పోజర్‌లో, పూర్తి పొడవుతో చూపించండి, పెప్టైడ్ వరస, మోలార్ నిష్పత్తి, తిప్పిన సమయం మెథడ్స్‌లో రాయండి, కింద లెజెండ్‌లో "స్పెసిఫిసిటీ నిర్ధారించాం" అని కాకుండా "పెప్టైడ్‌తో సిగ్నల్ ఆగింది" అని మాత్రమే రాయండి, నాకౌట్ డేటా కూడా పక్కన ఉంటే అప్పుడు మొదటి మాట రాసే హక్కు ఉంటుంది.